620 ఆటల డబ్బా ఇక అమ్మను

అందరికీ నమస్కారం. "620 ఆటలు" అని అట్ట మీద రాసి ఉండే బుల్లి వీడియో గేమ్ డబ్బాలు, "పది వేల ఆటలు, ఫోర్ కే (అంటే మహా స్పష్టమైన బొమ్మ)" అని ఊరించే, టీవీకి గుచ్చుకునే గేమ్ స్టిక్కులు, ఈ రెండూ మా షాపులో ఇక దొరకవు. నిన్న రాత్రే షోకేసులోంచి తీసేశాను. ఇప్పటికే కొన్నవాళ్ళకు సంగతేమిటో చెప్పాలి కాబట్టి ఇది రాస్తున్నాను.

పోయిన దసరా ముందు చెన్నైలో ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో 60 డబ్బాలు కొని తెచ్చాను. నెల్లూరులో పొద్దున్నే రైలెక్కితే రాత్రికి సరుకుతో ఇంటికొచ్చేయొచ్చు, అదొక సౌకర్యం. దీపావళి లోపే దాదాపు అన్నీ అమ్ముడుపోయాయి. తొంభైల్లో మీడియా, సమురాయ్ బ్రాండ్ల వీడియో గేమ్ పెట్టెలు టీవీకి తగిలించి, క్యాసెట్‌ని ఉఫ్ అని ఊది పెట్టుకున్న వయసు వాళ్ళకు ఆ బూడిదరంగు డబ్బా కనపడితే చెయ్యి ఆగదు. నాదీ అదే జబ్బు. అందుకే ఆడి చూడకుండా తెచ్చేశాను.

60లో 17 వెనక్కొచ్చాయి. చాలావరకు రిమోట్ బటన్లు పడుకున్నవి, రెండేమో అడాప్టర్ కాలినవి. అప్పుడు ఒక ఆదివారం షట్టర్ సగం దించి, మా మేనల్లుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఆటలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. మొదటి కొన్ని పేజీలు బాగానే ఉన్నాయి. తర్వాత అదే కారు ఆట ఇంకో పేరుతో, అదే మారియో మధ్య లెవెల్ నుంచి మొదలై మరో పేరుతో. భోజనాల వేళకు మావాడు పెన్ను పక్కన పెట్టేశాడు. "మామా, అట్ట మీద అంకె ఎవరు లెక్కపెట్టి వేశారు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. మీకు 620 అని చెప్పి అమ్మింది నేనే.

విప్పి చూస్తే లోపల ఒక చిన్న బోర్డు, దాని మీద నల్లటి జిగురు బొట్టు. పాత పెట్టె మొత్తాన్ని ఆ బొట్టు కింద చిప్పులో కుక్కారు. అలా కుక్కిన చిప్పుల్లో చాలావాటికి శబ్దం అసలు యంత్రంలా రాదు. "మారియో పాట ఎక్కడో తేడా కొడుతోందన్నా" అని ఒకాయన అంటే అప్పట్లో నవ్వేశాను. ఆయన చెవే కరెక్టు. ఇక ఫోర్ కే మాట: ఆ పాత ఆటల బొమ్మే అడ్డంగా 256 చుక్కలు, నిలువునా 240. ఎంత పెద్ద టీవీ మీద సాగదీసినా కొత్త చుక్కలు పుట్టవు.

గన్ను సంగతి వేరే చెప్పాలి. ఒక రిటైర్డ్ మాస్టారు మనవడి కోసం గన్ను ఉన్న సెట్టు తీసుకెళ్ళి మూడో రోజే వచ్చారు. "అబ్బయా, బాతు ముక్కు మీద ఆనించి కాల్చినా చావడంలేదే!" అన్నారు. తప్పు మాస్టారిది కాదు. ఆ బాతుల వేట ఆటలో ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్ల చతురస్రం వెలుగుతుంది. ఆ వెలుగు గన్నులోని సెన్సర్‌కి ఆ క్షణంలోనే అందాలి. పాత పిక్చర్ ట్యూబ్ టీవీ అందించేది. ఎల్ఈడీ టీవీ బొమ్మను సర్దుకుని చూపించేసరికి ఆలస్యమైపోతుంది. ఇది తెలిసి కూడా గన్ను సెట్లు నాలుగు అమ్మాను. మాస్టారికి ఆ రోజే డబ్బు తిరిగిచ్చాను. మిగతా ముగ్గురు దయచేసి రండి.

ఇంకో విషయం, చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది. ఆ డబ్బాలో ఆటలు తయారుచేసిన వాళ్ళకు రూపాయి ముట్టదు, అవి కాపీలు. పైగా వీడియో గేములకు బీఐఎస్ (వస్తువుల ప్రమాణాలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) రిజిస్ట్రేషన్ ఉండాలని 2012 ఉత్తర్వులోనే ఉంది. డబ్బాను నాలుగు వైపులా తిప్పి చూస్తే ఆ గుర్తు లేదు. ఆ తిప్పి చూడటమేదో రిచీ స్ట్రీట్‌లోనే చెయ్యాల్సింది.

చెడిపోయినవాటికి బిల్లు చూపిస్తే పూర్తి డబ్బు. బాగానే పనిచేస్తున్నా వద్దనుకుంటే షాపులో ఇంకేదైనా అదే ధరకు తీసుకెళ్ళండి. అందరికీ ఒకేసారి నగదు ఇచ్చే స్తోమత నిజంగా నాకు లేదు.

మరి ఒరిజినల్ మినీలు, అంటే అసలు కంపెనీలే తమ పాత పెట్టెల్ని చిన్నగా చేసి అమ్మినవి, తెప్పించొచ్చు కదా అని అడుగుతున్నారు. విదేశాల నుంచి వచ్చినవాళ్ళు అమ్మినవి ఒకటీ అరా నా దగ్గర ఉన్నాయి. వాటి గురించి కూడా ముందే చెబుతాను. నింటెండో కంపెనీ పాత పెట్టె పేరు ఎన్ఈఎస్, 2016లో వాళ్ళే తెచ్చిన దాని బుల్లి రూపంలో ఆటలు 30. ఒక్కో ఆటను నాలుగు చోట్ల సేవ్ చేసుకోవచ్చు, బొమ్మ ముచ్చటగా ఉంటుంది. కానీ రిమోట్ వైరు రెండున్నర అడుగులే, టీవీ ముందు నేల మీద కూర్చోవాలి. అందులో కాంట్రా లేదు, దాని రెండో భాగం సూపర్ సీ ఉంది. కాంట్రాలో మనం నొక్కే 30 లైఫుల కోడ్ అక్కడ పనిచేయదు, దాని కోడ్ వేరు, అదీ పది లైఫులే ఇస్తుంది. 2018 చివర్లో సోనీ తెచ్చిన ప్లేస్టేషన్ క్లాసిక్‌ని అయితే నేనే వద్దంటాను. 20 ఆటల్లో 9 యూరప్ కోసం చేసిన నిదానపు వెర్షన్లు. 2019 నాటి సెగా మెగా డ్రైవ్ మినీ వీటిలో నాకు నచ్చింది. 42 ఆటలు, పని శ్రద్ధగా చేశారు. దొరికితే వదలకండి, నా దగ్గర మాత్రం లేదు.

నాకు బాగా వచ్చిన పని రిపేరు. అటక మీద మీ పాత పెట్టె ఉంటే తీసుకురండి. అడాప్టర్, బటన్ల కింది రబ్బరు ప్యాడ్లు, లోపలి రెగ్యులేటర్, సాధారణంగా పోయేవి ఇవే. చూసి చెప్పడానికి డబ్బు తీసుకోను. కొత్త టీవీకి పసుపు, తెలుపు, ఎరుపు పిన్నులు లేకపోతే కన్వర్టర్ పెట్టి ఇస్తాను. క్యాసెట్లు కూడా వెంట తెండి, లేకపోతే బాగైందో లేదో ఆడి చూడటానికి నా దగ్గర ఉన్నది ఒక్క కాంట్రాయే, అదీ మా మేనల్లుడు వదలడంలేదు.