కర్టెన్ రాడ్డు గాంధారం

బరంపురం,
ఆదివారం రాత్రి

ఒరే బావా,

"ఏటిరా ఆ టింగుటింగులు" అని నవ్వి ఫోన్ పెట్టేశావు కదా, దానికి శిక్ష ఈ ఉత్తరం.

మొన్న హాల్లో కర్టెన్లు మార్చాం. పాత స్టీలు రాడ్డు చేయి జారి గచ్చు మీద పడి ఖంగుమంది. ఇంకేముంది, దాని ముక్కలతో సరిగమలు మోగిద్దామని హాక్సా బ్లేడు పట్టుకుని కూర్చున్నా. 30 సెంటీమీటర్ల ముక్క కోసి అదే 'స' అనుకున్నా. పై 'స' కావాలంటే వీణ తీగలా సగమే కదా అని ఇంకోటి 15కి కోసేశా. కీచుమంటూ రెండు స్థాయిలు ఎక్కి కూర్చుంది! తీగ సగమైతే కంపనాలు రెట్టింపే గానీ, కొట్టి మోగించే రాడ్డు సగమైతే నాలుగు రెట్లు. 21.2 దగ్గర కోయాల్సింది. ఆ ముక్క ఇప్పుడు మా ఆవిడ కిటికీ తలుపుకి అడ్డం పెట్టుకుంది.

రాడ్డుని ఎక్కడ ఆనించాలన్నది ఇంకో తంటా. నడిమధ్య పట్టుకుంటే టక్కున చస్తుంది. రెండు చివర్ల నుంచీ 6.7 సెంటీమీటర్ల దగ్గర జడ రబ్బర్ల మీద పెట్టానా, ఎంచక్కా మోగింది. ఆ రెండు చోట్లా అది ఊగదు మరి.

ఇక అసలు సంగతి, నీకు బాగా తెలిసిన సెంట్లు! నీకు నూరు సెంట్లయితే ఎకరం. నా సెంట్లు స్వరాల మధ్య దూరానికి, నూరైతే హార్మోనియంలో పక్క మెట్టు. స నుంచి పై స దాకా 1200, అంటే పన్నెండెకరాలు. చెవికి తియ్యగా తగిలే అంతర గాంధారం, అదే పెద్ద 'గ', 386 దగ్గరుంటే, పక్కింటి ఒడియా మాస్టారి హార్మోనియం 400 దగ్గర గట్టేసింది. 14 సెంట్ల కబ్జా! శ్రుతులూ గమకాలూ పలకదనేగా, 1940లో ఆలిండియా రేడియో దాన్ని గెంటేసి 1971 దాకా గడప తొక్కనివ్వలేదు.

రాడ్డు మీద ఆ 14 సెంట్లు ఎంతనుకున్నావ్? ఒక్క మిల్లీమీటరు పైచిలుకు. 'గ' కోసం 26.8కి కోసి ఆకురాయితో నున్నగా చేస్తూ చేస్తూ అరగదీసేశా, సరిగ్గా హార్మోనియం గట్టు మీదకే వెళ్ళి కూర్చుంది. తిక్కరేగి చివర కాస్త ఎం-సీల్ ముద్ద అంటించా. బరువుకి స్వరం దిగింది. మాస్టారు తన 'గ' నొక్కి పట్టుకుంటే నేను నాది కొట్టా. రెండూ కలిసి వావ్‌వావ్‌మని ఊగాయి. ఆయన మొహం చూడాలి! "మీ రాడ్డు తప్పు" అనేసి వెళ్ళిపోయారు.

పచ్చడి సీసాల కథ ఇంకో తమాషా. నీళ్ళు పోసి చెంచాతో కొడితే స్వరం దిగుతుంది, అదే సీసా మూతి మీద ఊదితే ఎక్కుతుంది.

రాడ్డు అయిపోయింది, 'ని' మిగిలిపోయింది. దసరాకి వచ్చేటప్పుడు మీ సైట్లో పైపు ముక్కలేమైనా పడుంటే పట్టుకురా. 22 సెంటీమీటర్లకి తక్కువైతే వద్దు.

నీ
పిచ్చోడు