మా పిల్లల బొమ్మల్లోకి ఒంటెల్ని ఎవరు తోలారు, మంత్రి గారూ?

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

నేను శ్రీకాకుళం జిల్లాలో డ్రాయింగ్ మాస్టారిని. 'సూపర్ హీరోయిన్' బొమ్మల పోటీ మీద ఇది నా నాలుగో అర్జీ. మొదటి మూడూ సోమవారం గ్రీవెన్సులో లైన్లో నిలబడి ఇచ్చాను. మూడింటికీ 'మీ సమస్య పరిష్కరించబడినది' అని మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారో నాకూ చెబితే సంతోషిస్తాను.

మీ వాళ్లు బళ్లకు పంపిన నమూనా కాగితం మీరూ చూసే ఉంటారు. తెల్లమ్మాయి వెనక ల్యాబు, రాకెట్టు. చామనఛాయ అమ్మాయి వెనక ఎడారి, ఒంటె. మెడలో పాము, మొహానికి సగం ముసుగు, చేతిలో పొగలొచ్చే దీపం. మా తొమ్మిదో తరగతి పిల్ల అచ్చు అలాగే దించింది. "ఒంటె ఎందుకే? కళింగపట్నంలో ఎప్పుడైనా చూశావా?" అన్నాను. రబ్బరు నలుపుతూ "మనలాంటోళ్లకి పవరొస్తే అలాగే చూపిస్తారు కదా సార్" అంది.

దాని తప్పేముంది? 2019 హాలీవుడ్ సినిమాలో తెల్ల సూపర్ హీరోయిన్ కెప్టెన్ మార్వెల్‌కి ఇంజన్ పేలి శక్తి వచ్చింది. 2022 సీరీస్‌లో పాకిస్తానీ మూలాలున్న మిస్ మార్వెల్ కమలా ఖాన్‌కి మాత్రం అమ్మమ్మ తల్లి కడియం తొడుక్కుంటే వచ్చింది, పైగా జిన్నుల కథ. అసలు కామిక్‌లో శక్తి కడియంతో రాలేదు, జిన్నులూ లేరు. సీరీస్ చివర్లో ఆమె జన్యువుల్లోనే ఏదో తేడా ఉందని ఒక మాట అనిపించారు లెండి. సీరీస్ బాగోలేదని కాదు, దేశ విభజన నాటి రైల్వే స్టేషన్ చూసి నేనూ కళ్లు తుడుచుకున్నాను. కానీ తూర్పు అంటే మాయ, మర్మం అనే చూపుని పాలస్తీనా మూలాలున్న పండితుడు ఎడ్వర్డ్ సయీద్ 1978లోనే 'ఓరియంటలిజం' పుస్తకంలో ఎండగట్టాడు. వాళ్ల అలవాటు వాళ్లది, సరే. మన ఆఫీసే దాన్ని జెరాక్స్ తీసి మన పిల్లలకు పంచడమేంటండీ?

ఇంకో పిల్ల కరణం మల్లీశ్వరిని వేసింది. మా ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట ఆడపడుచు, 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో రెండు విభాగాల్లో కలిపి 240 కిలోలెత్తి కంచు పతకం తెచ్చిన మనిషి. అరచేతులకి తెల్లపొడి, మెడ మీద తేలిన నరాలు, ఎంత బాగా వేసిందో! "ఈవిడ సూపర్ హీరోయిన్ కాదు" అని పక్కన పడేశారు. ఒంటెకి ఫస్ట్ ప్రైజు.

ఆ కాగితం వెనక్కి తీసుకోండి. వచ్చే ఏడు నమూనాలే పంపకండి, పంపక తప్పదంటే ముందు మమ్మల్ని అడగండి. అదీ కుదరదంటే, ఆ మల్లీశ్వరి బొమ్మయినా పిల్లకి తిరిగి ఇప్పించండి. స్టోర్ రూములో ఉందంటున్నారు. తాళం గుమస్తా దగ్గరుందట, గుమస్తా సెలవులో ఉన్నారట.

ఇట్లు,
ఒక డ్రాయింగ్ మాస్టారు