గ్రాఫు గీసే కాలిక్యులేటర్‌ను తిట్టే ముందు, కొనే ముందు

సంపాదకులు గారికి నమస్కారం.

మీ విద్యా పేజీలో గ్రాఫింగ్ కాలిక్యులేటర్ల మీద వచ్చిన వ్యాసం చదివాను. ఇవి చేతికొస్తే పిల్లల బుర్రలు మొద్దుబారిపోతాయని వ్యాసకర్త తేల్చేశారు. పక్కన వేసిన ఫొటో మాత్రం కాసియో ఎఫ్‌ఎక్స్-991ది. అది గ్రాఫింగ్ కాలిక్యులేటర్ కాదు, మన ఇంజనీరింగ్ విద్యార్థుల సంచుల్లో కనిపించే మామూలు సైంటిఫిక్ కాలిక్యులేటర్. దాని కొత్త మోడళ్లు ఒక క్యూఆర్ కోడ్ చూపిస్తాయి, ఫోనుతో స్కాన్ చేస్తే గ్రాఫు ఫోనులో కనిపిస్తుంది. దాని తెర మీద మాత్రం గ్రాఫు రాదు. తిట్టదలచుకున్న వస్తువేదో ముందుగా చూసుకోవాలి కదా!

నేను చాలాకాలం జూనియర్ కాలేజీలో గణితం చెప్పాను. ఇప్పుడు మియాపూర్‌లో ఇంటి దగ్గరే ట్యూషన్లు చెబుతున్నాను. సాయంత్రం మా భోజనాల బల్ల చుట్టూ మూడు రకాల పిల్లలు కూర్చుంటారు. ఇంటర్ ఎంపీసీ చదివి ఎప్‌సెట్, జేఈఈ రాయబోయేవాళ్లకు ఏ కాలిక్యులేటరూ పనికిరాదు, గుణకారం కూడా చేత్తోనే చేయాలి. కేంబ్రిడ్జ్ ఏ-లెవెల్ గణితం చదివేవాళ్లకు సైంటిఫిక్ కాలిక్యులేటర్ ఉండవచ్చు, గ్రాఫు గీసేది ఉండకూడదు. ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్ అనే అంతర్జాతీయ కోర్సు) పిల్లలకైతే గ్రాఫింగ్ కాలిక్యులేటర్ లేకపోతే కొన్ని పేపర్లు రాయడమే కుదరదు. వాళ్లలోనూ ‘అనాలిసిస్’ కోర్సు తీసుకున్నవాళ్లు మొదటి పేపర్ కాలిక్యులేటర్ లేకుండా రాయాలి, ‘అప్లికేషన్స్’ కోర్సు వాళ్లకు అన్ని పేపర్లలోనూ ఉంటుంది. అందరికీ అదే పరావలయం (పారాబోలా), అదే అవకలజం (డెరివేటివ్, అంటే మార్పు రేటు). చట్టాలు మాత్రం మనిషికొకటి. ఈ బల్ల దగ్గర కూర్చున్నదాన్ని కాబట్టి ఈ యంత్రం గుణమేమిటో, దోషమేమిటో చెప్పగలననుకుంటున్నాను.

గుణంతో మొదలుపెడతాను. రెండు పవర్ ఎక్స్, ఎక్స్ స్క్వేర్ ఎక్కడ సమానమవుతాయని ఇంటర్ పిల్లలను అడగండి. రెండు అని వెంటనే చెబుతారు. చురుకైనవాళ్లు నాలుగు కూడా చెబుతారు. అక్కడితో ఆగిపోతారు. ఎందుకంటే ఆ సమీకరణాన్ని సాధించే సూత్రం వాళ్ల పుస్తకంలో లేదు, సూత్రం లేనిచోట జవాబు ఉంటుందన్న అనుమానమే వాళ్లకు రాదు. కాలిక్యులేటర్‌లో రెండు ప్రమేయాలూ (ఫంక్షన్లు) ఎక్కించి గీస్తే, సున్నకు ఎడమవైపు, మైనస్ 0.767 దగ్గర, రెండు వక్రరేఖలూ ఖండించుకుంటూ కనిపిస్తాయి. మూడో మూలం, అంటే మూడో జవాబు! ‘ఇది ఎక్కడి నుంచి వచ్చింది మేడమ్?’ అని పిల్లలు ముందుకు వంగుతారు. సుద్దముక్కతో నేను పావుగంట చెప్పినా రాని ప్రశ్న అది. బుర్ర మొద్దుబారడమంటే ఇదేనా?

ఇదే ఉదాహరణలో దోషం కూడా ఉంది. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కంపెనీ గ్రాఫింగ్ కాలిక్యులేటర్ టీఐ-84లో మామూలుగా వాడే స్టాండర్డ్ విండో (తెర మీద కనిపించే గ్రాఫు భాగం) రెండు దిశల్లోనూ మైనస్ పది నుంచి పది వరకే చూపిస్తుంది. ఎక్స్ విలువ నాలుగైనప్పుడు వక్రరేఖల ఎత్తు పదహారు. అంటే ఆ ఖండన బిందువు తెరకు పైన, కనబడని చోట ఉంటుంది. తెరను నమ్ముకున్న విద్యార్థి మైనస్ 0.767, రెండు అని రాసి పేపర్ ఇచ్చేస్తాడు. చేత్తో చేసినవాడికీ, యంత్రంతో చేసినవాడికీ చెరి రెండు జవాబులు దొరుకుతాయి, కానీ అవే రెండు కావు. విండోను ఎంతవరకు తెరవాలో యంత్రం చెప్పదు. అది తెలియాలంటే రెండు పవర్ ఎక్స్ ఎలా పెరుగుతుందో ముందే కొంత తెలిసి ఉండాలి.

అసలు ఈ యంత్రం గ్రాఫును ఎలా గీస్తుందో పిల్లలకు ఎవరూ చెప్పరు. అది వక్రరేఖను చూడదు. మనం చుక్కల ముగ్గు పెట్టినట్టు, కొన్ని ఎక్స్ విలువల దగ్గర చుక్కలు పెట్టి వాటిని కలుపుతుంది, అంతే. అమెరికాలో అన్నయ్యో అక్కో వాడి పక్కన పెట్టిన పాత నలుపు-తెలుపు తెర టీఐ-84 ప్లస్‌లు నా దగ్గరికి ఇప్పటికీ వస్తుంటాయి. వాటిలో గ్రాఫు గీసేది అడ్డంగా 95 చుక్కలతో. డెసిమల్ విండో పెడితే ఎడమ అంచు మైనస్ 4.7, కుడి అంచు 4.7, చుక్కకూ చుక్కకూ దూరం సరిగ్గా 0.1. ఇప్పుడు రేడియన్ మోడ్‌లో (కోణాన్ని డిగ్రీలకు బదులు రేడియన్లలో కొలిచే అమరికలో) సైన్ 62ఎక్స్ గీయమనండి. ఆ నిడివిలో తొంభైకి పైగా అలలు ఉండాలి. తెర మీద మాత్రం ఒక్క అల, దాని పక్కన మరో పావు అల, అదీ తలకిందులుగా, ఎంతో నింపాదిగా సాగిపోతుంది. కారణం మామూలు లెక్కే. అడుగు అడుగుకూ కోణం 6.2 రేడియన్లు పెరుగుతుంది. పూర్తి చుట్టు 6.283. అంటే ప్రతి చుక్క దగ్గరికీ అల దాదాపు ఒక చుట్టు తిరిగి, 0.083 రేడియన్లు వెనకబడి కనిపిస్తుంది. మధ్యలో జరిగిందేదీ యంత్రానికి తెలియదు. 62 బదులు 20π పెడితే అలలే ఉండవు, అడ్డగీత వస్తుంది. కొత్త రంగుల తెరలో చుక్కలు ఎక్కువే, అయినా అదీ కొన్ని అంకెలతో ఇలాగే మోసపోతుంది.

ఇది చెప్పినప్పుడు కొందరు తల్లిదండ్రులు ‘అయితే ఇంత డబ్బు పోసి కొన్నది తప్పుల పుట్టా?’ అంటారు. కాదు. నాకు మటుకు ఇది ఒక మంచి పాఠం. ఇంజనీరింగ్‌లో సిగ్నల్ ప్రాసెసింగ్ చదివినప్పుడు శాంప్లింగ్ (అలను అక్కడక్కడా చుక్కలుగా కొలవడం) గురించి వచ్చే పాఠంలో సగం ఆ అబద్ధపు అలలోనే ఉంది. యంత్రం తప్పు గీసిందని తెలిసినవాడికే అది పాఠమవుతుంది, తెలియనివాడికి అది జవాబైపోతుంది.

అవకలనం సంగతీ ఇంతే. సున్న దగ్గర మాడ్ ఎక్స్ (మైనస్ గుర్తు తీసేసిన ఎక్స్) అవకలనీయం కాదని, అంటే అక్కడ దానికి అవకలజం లేదని మన ఇంటర్ పిల్లలు నిద్రలో లేపి అడిగినా చెబుతారు. టీఐ-84ను అడిగితే జంకు లేకుండా సున్న అంటుంది. ఒక్కటి బై ఎక్స్‌కు సున్న దగ్గర అసలు విలువే లేదు, దాని అవకలజం అడిగితే పది లక్షలు అంటుంది! ఎందుకంటే అది అవధి (లిమిట్) తీసుకోదు. బిందువుకు కుడివైపు 0.001 దూరంలో ఒక విలువ, ఎడమవైపు అంతే దూరంలో ఒక విలువ తీసుకుని, తేడాను 0.002తో భాగిస్తుంది. మాడ్ ఎక్స్‌కు రెండు వైపులా ఒకే విలువ, తేడా సున్న. రెండోదానికి వెయ్యి, మైనస్ వెయ్యి, తేడా రెండు వేలు, భాగిస్తే పది లక్షలు. మంచి బుద్ధిగా ఉన్న ప్రమేయాలకు ఈ పద్ధతి చక్కగా పనిచేస్తుంది. మొండి ప్రమేయాల దగ్గర ‘నా వల్ల కాదు’ అని చెప్పడం దానికి చేతకాదు.

అంకెలకూ హద్దు ఉంది. ఒకటిలోంచి కాస్ ఎక్స్ తీసేసి ఎక్స్ స్క్వేర్‌తో భాగిస్తే, ఎక్స్ సున్నకు దగ్గరవుతున్నకొద్దీ విలువ సగానికి చేరుతుంది. ఎక్స్ స్థానంలో పది పవర్ మైనస్ ఎనిమిది వేసి చూడండి, సగం రాదు, సున్న వస్తుంది. లోపల పద్నాలుగు అంకెలే దాచుకుంటుంది కాబట్టి అంత చిన్న కోణానికి కాస్ విలువ దాని లెక్కలో నికరంగా ఒకటే. ‘ఎంత చిన్న సంఖ్య వేస్తే అంత కచ్చితం’ అనుకునే పిల్లలకు ఈ ఒక్క లెక్క చాలు.

రాసే పద్ధతిలోనూ పేచీలున్నాయి. ఆరు భాగించు రెండు, పక్కనే కుండలీకరణంలో ఒకటి కూడిక రెండు, అంటే 6÷2(1+2), గుణకారం గుర్తు లేకుండా కొడితే, కాసియో ఈఎస్ ప్లస్ ఒకటి అంటుంది, టీఐ-84 తొమ్మిది అంటుంది. ఒకే కంపెనీ చేసిన టీఐ-82, టీఐ-83 కూడా ఇలాంటి చోట విడిపోయాయి. గుణకారం గుర్తు పెట్టడం, కుండలీకరణాలు వేయడం బద్ధకించకండి అని మాత్రం చెబుతాను.

ఈ యంత్రానికి నేను పూర్తి మార్కులు ఇచ్చేది సేకరించిన దత్తాంశం (డేటా) విషయంలో. ఐబీ చదివే ఒక అమ్మాయి స్టీలు గ్లాసులో టీ ఎలా చల్లారుతుందో ప్రాజెక్టుగా తీసుకుంది. వంటింటి థర్మామీటర్‌తో నిమిషానికోసారి కొలిచి, జాబితాలో ఎక్కించి, ఎక్స్‌పొనెన్షియల్ రిగ్రెషన్ (కొలతలకు దగ్గరగా నప్పే ఘాత సమీకరణాన్ని వెతికే ఆదేశం) నొక్కింది. సమీకరణం ఎంత బాగా నప్పిందో చెప్పే ఆర్-స్క్వేర్ ఒకటికి దగ్గరగా వచ్చింది, పిల్ల మురిసిపోయింది. ‘ఈ సమీకరణం ప్రకారం రేపు ఉదయానికి నీ టీ ఎంత చల్లబడుతుంది?’ అని అడిగాను. వేసి చూసింది. సున్న డిగ్రీలు! మే నెల హైదరాబాద్‌లో గడ్డకట్టే టీ! ఆ రిగ్రెషన్ రూపంలో గది ఉష్ణోగ్రతకు చోటు లేదు. అది ఎప్పటికైనా సున్నకే దిగుతుంది. ప్రతి కొలతలోంచి గది ఉష్ణోగ్రత తీసేసి మళ్లీ నొక్కమన్నాను. జాబితా మొత్తానికి ఒకే ఆదేశంతో తీసివేత అయిపోయింది, ఐదు నిమిషాల్లో కొత్త వక్రరేఖ వచ్చింది. లాగరిథమ్ పట్టికలతో ఇదే పని చేయించి ఉంటే ఆ అమ్మాయి మొదటి సమీకరణంతోనే సరిపెట్టుకునేది, నేనూ పోనీలే అనుకునేదాన్ని.

ధర గురించి రాయకపోతే అన్యాయం. మొదటి గ్రాఫింగ్ కాలిక్యులేటర్, కాసియో ఎఫ్‌ఎక్స్-7000జీ, 1985లో వచ్చింది. అప్పుడు అది అద్భుతమే. టీఐ-84 ప్లస్ వచ్చింది 2004లో, దాని లోపలి జెడ్80 ప్రాసెసర్ వంశం 1976 నాటిది. ఆ పాత సరుకుకు అమెరికాలో ఏళ్ల తరబడి వంద డాలర్లకు పైనే వసూలు చేశారు. బడి అదే కొనమంటుంది, పాఠ్యపుస్తకంలో అదే మోడల్ బొమ్మలుంటాయి, పరీక్షలో అదే నడుస్తుంది. ఇక ధర ఎందుకు తగ్గుతుంది? డెస్మోస్, జియోజీబ్రా అనే యాప్‌లు ఫోనులో ఉచితంగా ఇంతకంటే అందంగా గీస్తాయి. అమెరికా కాలేజీల్లో చేరడానికి రాసే శాట్ పరీక్ష కంప్యూటర్ మీదికి మారాక డెస్మోస్ ఆ తెరలోనే ఉంటోంది. అయినా ఫోను కంటే ఈ డబ్బా మీదే నాకు గౌరవం ఎక్కువ. దానికి ఇంటర్నెట్ లేదు, వాట్సాప్ మోగదు. ఫోనులో గ్రాఫు తెరిచిన పిల్లవాడు రెండో నిమిషానికి రీల్స్‌లో తేలడం నేను చూస్తూనే ఉంటాను.

కొనేవాళ్లకు ఒక హెచ్చరిక. ఒక తండ్రి బంధువులతో అమెరికా నుంచి తెప్పించి, ‘ఇది అన్నిటికంటే పెద్ద మోడల్ అండీ మేడమ్’ అని నా చేతిలో పెట్టారు. పెట్టె మీద పేరు చివర ‘క్యాస్’ అని ఉంది. అంటే అక్షరాలతోనే బీజగణితం చేసే రకం: కారణాంకాలు విడగొడుతుంది, సమాకలనం చేసి సూత్రమే రాసిపెడుతుంది. గొప్ప యంత్రమే, కానీ ఐబీ పరీక్షలో దాన్ని రానివ్వరు. అదే కంపెనీ, చూడటానికి దాదాపు అదే రూపం, ‘క్యాస్’ లేని మోడలే ఆ అబ్బాయికి కావలసింది. అలాగే గేట్ రాసేవాళ్లు ఏదీ కొనక్కర్లేదు, సొంత కాలిక్యులేటర్ లోపలికి రానివ్వరు. తెర మీదే మౌస్‌తో నొక్కే సైంటిఫిక్ కాలిక్యులేటర్ ఇస్తారు, ఇంట్లో దానితోనే సాధన చేసుకోవాలి.

మీ వ్యాసకర్తతో నా అసలు పేచీ ఇది. ఇంటర్ పరీక్షలో కాలిక్యులేటర్ వద్దంటే నాకు అభ్యంతరం లేదు, అంకెల మీద పట్టు చిన్న వయసులోనే రావాలి. కానీ పరీక్షలో లేదు కాబట్టి తరగతిలోనూ ఉండకూడదని ఎవరు చెప్పారు? ప్రమేయాల పాఠం, అవధుల పాఠం, అనువర్తనాల పాఠం, ఏడాది పొడవునా గ్రాఫు అన్నది పుస్తకంలో అచ్చయిన బొమ్మగానే మిగిలిపోతోంది. పిల్లలందరూ కొననక్కర్లేదు. లెక్చరర్ ఫోనులో జియోజీబ్రా, గోడ మీద ప్రొజెక్టర్ ఉంటే చాలు. ఒక సంఖ్యను అటూ ఇటూ జరుపుతుంటే వక్రరేఖ కదలడం పిల్లలు చూడాలి, తప్పు గ్రాఫు ఒకటి చూపించి ఎక్కడ తప్పిందో వాళ్లతోనే పట్టించాలి. మీ పేజీలో తదుపరి వ్యాసం దీని మీద రాయించండి.

చివరగా, మే నెలలో ఐబీ పరీక్షలు రాయబోయే పిల్లల కోసం ఒక్క మాట అచ్చువేయమని ప్రార్థన. పరీక్షకు ముందు కాలిక్యులేటర్ మెమరీ తుడిచేయమంటారు. అలా రీసెట్ చేశాక టీఐ-84 మళ్లీ రేడియన్ మోడ్‌కు వెళ్లిపోతుంది. ఆ తరువాత డిగ్రీల లెక్కలో సైన్ 30 కొడితే మైనస్ 0.988 వస్తుంది, అది చూసి ఎవరైనా ఉలిక్కిపడి సరిచేసుకుంటారు. కానీ కాస్ 45 కొడితే వచ్చేది 0.525. రావలసింది 0.707. చూడటానికి పద్ధతిగానే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. హాల్లో కూర్చోగానే ముందు మోడ్ చూసుకోమనండి.

ఇట్లు,
ఒక గణిత అధ్యాపకురాలు,
మియాపూర్, హైదరాబాద్