హోం మంత్రి గారికి, మా అమ్మ బాండు కాగితం గురించి

మంత్రి గారూ, నమస్కారమండి.

మాది గుంటూరు, బ్రాడీపేట. మా అమ్మ ఇడ్లీ బండి మీద వచ్చిన దాంట్లో రోజుకి యాభై చొప్పున ఓ కంపెనీ ఏజెంటుకి కట్టేది, కంపెనీ పేరు ఎందుకులెండి, ఓ రోజు పొద్దున్నే చూస్తే బోర్డు తిప్పేశారు. పోయింది నలభై రెండు వేలు. ఏజెంటు మా వీధి కుర్రాడే, వాడి డబ్బులూ అందులోనే పోయాయి, జనానికి మొహం చూపించలేక హైదరాబాద్ వెళ్లిపోయాడు. అమ్మ ఇప్పటికీ వాణ్ణి ఒక్క మాట అనదు, నేనైతే అంటా.

ఎలక్షన్లు వస్తే చాలు, ఇంటికొచ్చిన ప్రతి పార్టీ వాళ్లూ ఆ బాండు చూపించమంటారు, ఫొటో తీసుకుంటారు, మేమొస్తే మొదటి సంతకం దీని మీదే అంటారు. మాలాంటోళ్ల కోపంతో ఓట్లు పడతాయని అందరికీ తెలుసు కదా.

పెద్ద కేసే చూడండి, అగ్రిగోల్డ్. మన బెజవాడ కంపెనీ, అన్ని రాష్ట్రాల్లో కలిపి 32 లక్షల మంది దాకా డిపాజిటర్లు, వాళ్లకి తిరిగి కట్టకుండా ఎగ్గొట్టింది ఆరు వేల కోట్ల పైమాటే. 2019 ఎలక్షన్లలో అప్పటి ప్రభుత్వాన్ని ఇది బాగా ఇరుకున పెట్టింది, ఒక్క దీనివల్లే ఓడిపోయారని నేను అనను గానీ 175లో 23కి పడిపోయారు. వచ్చినోళ్లు మొదటి బడ్జెట్‌లోనే 1,150 కోట్లు పెట్టారు, అదే ఏడాది నవంబర్‌లో మా గుంటూరులోనే మీటింగ్ పెట్టి పది వేల లోపు వాళ్లకి ఇచ్చారు, 2021లో ఇరవై వేల లోపు వాళ్లకి ఇచ్చారు. ఇచ్చింది ఇచ్చారనే చెప్పాలి. మరి ముప్పై వేలు, లక్ష కట్టినోళ్ల సంగతేంటి? 2024లో ఆ ప్రభుత్వమూ 11కి వచ్చేసింది, ఆ డబ్బు కట్టినోళ్ల బాండ్లు మాత్రం బీరువాలోనే ఉన్నాయి.

స్కామ్ వస్తే సర్కారు పడిపోద్దని గ్యారంటీ కూడా లేదండి. ఢిల్లీలో లిక్కర్ పాలసీ కేసు నెత్తిన పెట్టుకుని ఎలక్షన్‌కెళ్లిన ఆప్ 2025లో 62 నుంచి 22కి దిగింది, అదే బెంగాల్‌లో శారదా చిట్ ఫండ్ 2013లో మునిగితే మూడేళ్లకి మమత గారు 294లో 211 తెచ్చుకున్నారు. గెలిచినా ఓడినా పార్టీలకి ఐదేళ్లకోసారి లెక్క తేలిపోద్ది, డిపాజిట్ కట్టినోళ్లకే తేలదు.

మన దగ్గర 1999లో చేసిన డిపాజిటర్ల చట్టం ఉంది కదా, ఆస్తులు జప్తు చేసి, కోర్టు ఖాయం చేశాక వేలం వేసి పంచొచ్చు. జీవో ఇచ్చే దాకా చకచకా జరుగుద్ది, ఆ తర్వాత ఏళ్లు గడిచిపోతాయి, ఈలోపు ఆ భూముల్లో తుమ్మ చెట్లు మొలుస్తాయి. బస్సులో బెజవాడ వెళ్తూ చినకాకాని దగ్గర అగ్రిగోల్డ్ వాళ్ల పార్కు హాయ్‌లాండ్ కనపడ్డప్పుడల్లా ఇదే గుర్తొస్తది నాకు.

పరిహారం పెంచమని అడగట్లేదండి. మూడు నెలలకోసారి ఒక లిస్టు పెట్టించండి చాలు, వార్డు సచివాలయం గోడ మీద, తెలుగులో. ఏ కంపెనీది ఎక్కడ ఎన్ని ఎకరాలు జప్తులో ఉంది, వేలం ఎప్పుడు, ఎంతొచ్చింది, ఎంతమందికి పంచారు, ఆగితే ఏ కోర్టులో ఆగింది. ఇవన్నీ మీ ఫైళ్లలో ఉండేవే కదా. లిస్టు పెట్టిన రోజు అమ్మని తీసుకెళ్తా, తనకి ఈమధ్య కళ్లు సరిగా కనపడట్లేదు, నేనే చదివి వినిపిస్తా.

ఇట్లు,
బ్రాడీపేట నుంచి ఒక ఓటరు