పాకాల పడవకు నన్ను చేర్చిన వాళ్ళకు

హన్మకొండకు తిరిగి వచ్చి పదకొండు రోజులైంది. కుడికాలి మడమ వాపు తగ్గింది, చెప్పు పడుతోంది. నిన్న పొద్దున భద్రకాళి కట్ట మీద సగం దూరం నడిచి వెనక్కి తిరిగాను. ఇక ఈ నాలుగు మాటలు రాయడం వాయిదా వేయడానికి నా దగ్గర సాకు లేదు. కొందరికి ఫోనులో చెప్పాను గానీ, ఫోనులో కృతజ్ఞత చెప్పడం కష్టం. నోరు తెరిచేలోపే "అయ్యో, ఇందులో ఏముంది" అని అవతలివాళ్ళు మాట మార్చేస్తారు. రాస్తే అడ్డుపడేవాళ్ళుండరు.

సంగతి తెలియని వాళ్ళ కోసం కాస్త వెనక నుంచి చెబుతాను. నేను నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసి రిటైరైన మనిషిని. కట్టలు, తూములు, అలుగులు, పూడికలు, వానాకాలంలో పడే గండ్లు, ఇదే నాకు తెలిసిన నీళ్ళ లోకం. మా అల్లుడిది నర్సంపేట, ఉద్యోగం సియాటిల్‌లో. ఇద్దరు స్నేహితులతో కలిసి ముప్పై అడుగుల పాత తెరచాప పడవ ఒకటి కొని దానికి "పాకాల" అని పేరు పెట్టాడు. గణపతిదేవుడి కాలంనాటి చెరువు పేరు అంత దూరాన ఒక పడవ వెనక ఇంగ్లీషు అక్షరాల్లో కనబడితే మొదట నవ్వొచ్చింది. తర్వాత, ఎవరూ చూడకుండా, ఆ అక్షరాల మీద చెయ్యి వేసి చూశాను.

జూలైలో నాలుగు రోజులు సెలవు పెట్టి అల్లుడు మమ్మల్ని ఆ పడవలో తీసుకెళ్ళాడు. అనకోర్టెస్ రేవు నుంచి సాన్ వాన్ దీవి మీది ఫ్రైడే హార్బర్ అనే ఊరికి. దూరం ఇరవై నాటికల్ మైళ్ళు, అంటే ముప్పై ఏడు కిలోమీటర్లు, అటూ ఇటూగా. గాలి బాగుంటే గంటకు తొమ్మిది కిలోమీటర్లు పోతుంది, అంటే మన పాలవాడి సైకిలు వేగం. గాలికి ఎదురుగా నేరుగా పోలేదు. ఈ పక్కకు కొంత, ఆ పక్కకు కొంత, పంచాయితీకి పిలిచిన పెద్దమనిషిలా పోతుంది. గాలి పడిపోతే ఇంజను.

కానీ నన్ను ఆశ్చర్యపరిచింది గాలి కాదు, నీళ్ళు. దీవుల మధ్య సందుల్లో సముద్రం కాలువలా పారుతుంది. ఆరేడు గంటలు ఒక దిక్కుకు పారి, కాసేపు నిలబడి, మళ్ళీ వెనక్కి పారుతుంది. ఎదురు ప్రవాహంలో చిక్కితే పడవ ఎంత తంటాలు పడినా ఉన్నచోటే ఉంటుంది. అల్లుడు రాత్రే ఆటుపోట్ల పట్టికలు చూసి బయలుదేరే సమయం నిర్ణయించాడు. తూము ఎత్తేవాడు లేడు, దించేవాడు లేడు, అయినా నీళ్ళు టైము ప్రకారం వస్తాయి, పోతాయి. ఇన్నేళ్ళ సర్వీసులో అంత క్రమశిక్షణ గల నీటి విడుదల నేను చూడలేదు.

శనివారం సాయంత్రం ఫ్రైడే హార్బర్‌లో దిగాం. శుక్రవారానికీ ఆ ఊరికీ సంబంధం లేదట. అక్కడ గొర్రెలు కాసిన ఒక హవాయి మనిషి, జో ఫ్రైడే, ఆయన పేరట. గొర్రెల కాపరి పేరు మీద ఊరు! ఐనవోలు మల్లన్న జాతర చూసిన వాడిని, నాకు అప్పుడే ఆ ఊరు నచ్చింది. జనాభా రెండువేల ఆరువందల దాకా. వంతెన లేదు. ఫెర్రీలోనో, పడవలోనో, చిన్న విమానంలోనో రావాలి.

ఆదివారం పొద్దున నేను ఒక్కడినే ఊరు చూడటానికి బయలుదేరాను. "ఫోను తీసుకువెళ్ళండి, కర్ర తీసుకువెళ్ళండి" అని మా ఆవిడ అంది. రెండూ తీసుకోలేదు. నా ఫోను అక్కడ ఎలాగూ పనిచేయదు. కర్ర సంగతి వేరు. రోజూ కట్ట మీద ఆరు కిలోమీటర్లు నడిచేవాడిని నాకు కర్ర ఎందుకని. ఆ ఆరు కిలోమీటర్ల మాట ఇంట్లో ఇప్పుడు ఎవరూ ఎత్తనివ్వడం లేదు.

ఆ ఊరు నడవడానికే పుట్టినట్టుంటుంది. రేవు నుంచి స్ప్రింగ్ వీధి నేరుగా పైకి ఎక్కుతుంది. చెక్క ఇళ్ళు, ప్రతి కిటికీ కింద పూలు. కార్లు వరసలు కట్టి ఫెర్రీ కోసం ఎదురుచూస్తుంటాయి, హారన్ మాత్రం ఒక్కటి వినబడదు. తిమింగలాల మ్యూజియం ఒకటుంది, 1979 నుంచి నడుస్తోంది. ఆ సముద్రంలో తిరిగే ఓర్కా అనే తిమింగలాలు జీవితాంతం తల్లిని వదలవట. జె, కె, ఎల్ అని వాటికి ఇంటిపేర్లు. ఇంటిపేరు తల్లి నుంచే వస్తుంది. అది చదివి బయటికి వచ్చి, మా ఆవిడకు చెప్పాలా వద్దా అని ఆలోచిస్తూ కిందికి దిగుతున్నాను. పేవ్‌మెంట్ అంచు చూసుకోలేదు. కాలు మడతపడింది, పక్కనున్న చెక్క స్తంభానికి తల తగిలింది.

మొదటి కృతజ్ఞత అక్కడ, పాత సామాన్ల దుకాణంలో కూర్చునే ఆవిడకు. ఎనభై దాటి ఉంటుంది. తన కర్ర నాకిచ్చి, తను గోడ పట్టుకుని నడిచి, నన్ను లోపల కూర్చోబెట్టింది. మంచు లేదని, ఫ్రిజ్‌లోంచి గడ్డకట్టిన బఠాణీల సంచి తెచ్చి మడమ మీద పెట్టింది. మీవాళ్ళు ఎక్కడ అని అడిగింది. పడవలో అన్నాను. పడవ ఏ వరసలో అంటే తెలియదు. నంబరు తెలియదు. అమ్మాయి ఫోను నంబరు కూడా నోటికి రాలేదు, సిగ్గుచేటు. తెలిసింది ఒక్క పేరు. "పాకాల" అని కాగితం మీద రాసిచ్చాను. ఆవిడ రేవు కార్యాలయానికి ఫోను చేసి అక్షరం అక్షరం చదివి చెప్పింది.

అక్కడ పనిచేసే కుర్రవాడు, ఇరవై రెండేళ్ళుంటాయేమో, కొన్ని వందల పడవలున్న ఆ రేవులో వరస తర్వాత వరస నడిచాడు. ప్రతి పడవ వెనకా పేరు చదువుకుంటూ పోయాడు. మా వాళ్ళ ముందు నిలబడి ఆ పేరును ఎలా పలికాడో మా అమ్మాయి ఇప్పటికీ అనుకరించి నవ్విస్తుంది. పలకడం ఎలా ఉన్నా, చేరాడు.

ఈలోగా ఆవిడ నాకు నిద్ర రాకుండా కబుర్లు చెప్పింది. తలకు దెబ్బ తగిలినవాడిని నిద్రపోనివ్వకూడదని ఆవిడ నమ్మకం. కిటికీలో పంది బొమ్మ ఉంది, ఇదేమిటని అడిగాను. ఆ దీవి కోసం అమెరికా, ఇంగ్లండు యుద్ధం అంచు దాకా వెళ్ళాయట. 1846 ఒప్పందంలో సరిహద్దు కాలువ మధ్యలోంచి పోతుందని రాశారు. అక్కడ కాలువలు రెండున్నాయి, ఏ కాలువో రాయలేదు. దీవి ఎవరిదో తేలలేదు. 1859లో లైమన్ కట్లర్ అనే అమెరికా రైతు తన బంగాళాదుంపల మడిలో పడిన హడ్సన్స్ బే కంపెనీ వారి పందిని కాల్చేశాడు. ఇక సైన్యాలు దిగాయి, యుద్ధ నౌకలు వచ్చాయి. చచ్చింది మాత్రం ఆ పంది ఒక్కటే. పన్నెండేళ్ళకు పైగా రెండు సైన్యాలూ దీవికి చెరో కొసన కాపురం పెట్టాయి. చివరికి 1872లో జర్మనీ చక్రవర్తి మొదటి విల్‌హెల్మ్ మధ్యవర్తిగా అమెరికాకు తీర్పు చెప్పాడు. గట్టు తగాదాలు చాలా చూశాను. కాలువ పేరు రాయకుండా హద్దు రాసిన కాగితాలూ చూశాను. ఇంత పెద్దది చూడలేదని చెబితే ఆవిడకు బాగా నవ్వొచ్చింది.

అసలు ఇబ్బంది ఆస్పత్రిలో మొదలైంది. నాకు రెండేళ్ళ కిందట గుండెకు స్టెంట్ వేశారు. రక్తం పలచబడే మందులేవైనా వాడుతున్నారా అని డాక్టరు అడిగింది. వాడుతున్నాను అన్నాను. ఏవి అంటే, "గులాబీ రంగు మాత్ర, రాత్రి భోజనమయ్యాక" అన్నాను. ఆవిడ నా వంక చూసిన చూపు మరచిపోలేను. సామాను బరువు తగ్గుతుందని మా ఆవిడ మాత్రలన్నీ షీట్లలోంచి తీసి వారం డబ్బాలో పోసింది. షీట్లు సియాటిల్ ఇంట్లో, ఆ ఇంటికి తాళం. డాక్టరు రాసిన మందుల చీటీ హన్మకొండలో.

అప్పుడు అక్కడ మధ్యాహ్నం రెండు. ఇక్కడ రాత్రి రెండున్నర.

రెండో కృతజ్ఞత మా పక్కింటి అబ్బాయికి. తులసికోటకు నీళ్ళు పోయమని తాళంచెవి వాడికిచ్చి వెళ్ళాం. అమ్మాయి ఫోను చేస్తే రెండో రింగుకే ఎత్తాడు. "పెద్దనాన్నకు ఏమైంది?" అన్నదే మొదటి మాట. తర్వాత వెతుకులాట. బీరువాలో లేదు. ఫ్రిజ్ మీద లేదు. టీవీ కింద సొరుగులో కరెంటు బిల్లులు తప్ప ఏమీ లేవు. చివరికి దేవుడి గదిలో క్యాలెండరు వెనక దొరికింది. అక్కడ పెట్టింది నేనే, మరచిపోయింది కూడా నేనే. ఫోటో తీసి పంపాడు. అందులో ఉన్నది మన కంపెనీ పేరు, పైగా డాక్టరు చేతిరాత. అక్కడివాళ్ళకు ఆ పేరు ఎప్పుడూ విన్నది కాదు.

వాడు ఊరుకోలేదు. వీధి చివర మందుల దుకాణం ఆయన ఇంటికి నడిచివెళ్ళి తలుపు కొట్టాడు. కుక్కలు వెంటపడ్డాయని తర్వాత వాళ్ళమ్మ చెప్పింది, వాడు చెప్పలేదు. మూడో కృతజ్ఞత ఆ దుకాణం ఆయనకు. లుంగీ మీదే కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని, ఒక తెల్ల కాగితం మీద పెద్ద అక్షరాలతో రాశారు: ఒకే మాత్రలో రెండు మందులు, క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్, ఒక్కోటి ఎన్ని మిల్లీగ్రాములు, రోజుకు ఎన్నిసార్లు. మన దగ్గర ఇలా కలిపిన మాత్రలు మామూలే. డాక్టరు తెలుసుకోవలసింది సరిగ్గా అదే. ఆ కాగితం చూడగానే ఆమె తలకు స్కాన్ రాయించింది. లోపల రక్తస్రావం లేదని తేలింది. కాలు విరగలేదు, బెణికింది. ఆ రాత్రి ఆయన మళ్ళీ పడుకోలేదట. స్కాన్ సంగతి తెలిసేదాకా పక్కింటి అబ్బాయికి టీ పెట్టించి కూర్చోబెట్టుకున్నారు.

అయిదింటికి రేవుకు తిరిగొచ్చాం. పడవలు కట్టే చెక్క బల్లలు నీళ్ళ మీద తేలుతుంటాయి, ఒడ్డు నుంచి వాటి మీదికి ఒక ఇనుప వంతెన వాలుగా ఉంటుంది. నీళ్ళు తగ్గితే బల్లలతోపాటు వంతెన కొస కూడా దిగుతుంది. పొద్దున నేను ఎక్కినప్పుడే పద్మాక్షి గుట్ట గుర్తొచ్చింది. ఇప్పుడు ఒంటికాలితో దిగాలి. అల్లుడు "మామయ్యా, వీపు మీద ఎక్కండి" అన్నాడు. అంత పని వద్దన్నాను.

ఆ రేవు కుర్రవాడే మళ్ళీ వచ్చాడు. పట్టిక చూసి, రెండు గంటలు ఆగండి, నీళ్ళు పెరుగుతాయి, వంతెన చదునవుతుంది అన్నాడు. వాడి డ్యూటీ అయిపోయింది, అయినా నా పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. ఎదురుగా నీళ్ళకవతల చెట్లలో కనిపించే భవనాలు విశ్వవిద్యాలయం వాళ్ళ సముద్ర ప్రయోగశాలట. 1961 వేసవిలో ఒసాము షిమోమురా అనే జపాను శాస్త్రవేత్త అక్కడికి వచ్చి, ఆ నీళ్ళలోంచే వేల జెల్లీఫిష్‌లను వలతో పట్టి, అవి ఎందుకు వెలుగుతాయో పరిశోధించాడట. వాటిలో దొరికిన ఆకుపచ్చగా మెరిసే ప్రోటీన్‌కు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. బతికున్న కణాల్లో ఏం జరుగుతోందో చూడటానికి ఇప్పుడు దాన్ని ప్రపంచమంతా వాడుతున్నారు. బదులుగా నేను తూము ఎలా పనిచేస్తుందో బెంచీ మీద వేలితో గీసి చూపించాను. మీ పాకాలలో ఆటుపోట్లు ఎంత అని అడిగాడు. ఏడాదికి ఒకసారి పోటు, వానాకాలంలో; మిగతా ఏడాదంతా ఆటు, అది రైతుల చేతిలో, అన్నాను.

ఏడింటికి వంతెన నిజంగానే దాదాపు చదునైంది. నీళ్ళు చప్పుడు లేకుండా వచ్చి నిలబడ్డాయి. సామాన్లు మోసే తోపుడు బండి తెచ్చి, అందులో పాత లైఫ్ జాకెట్లు పరిచి నన్ను కూర్చోబెట్టారు. కుర్రవాడు వెనక నుంచి తోశాడు, అల్లుడు ముందు నడిచాడు. మా ఆవిడ ఫోటో తీసింది. ఆ ఫోటో కట్ట మీద నాతో నడిచే మిత్రులందరికీ చేరింది, మిత్రులు దానికి పెట్టిన పేరు ఇక్కడ రాయను.

ఇప్పుడు చొక్కా జేబులో మందుల పేర్ల కాగితం ఉంటోంది. దుకాణం ఆయన రాసిన ఆ కాగితమే, నాలుగు మడతలు. దుకాణం ఆవిడకు, రేవు కుర్రవాడికి మా ఆవిడ సకినాలు చేసింది. వచ్చే నెల వెళ్తున్న బంధువుల పెట్టెలో సర్దాం. ఎన్ని విరగకుండా చేరతాయో చూడాలి.

పక్కింటి అబ్బాయికి ఏమివ్వాలో ఇంకా తోచలేదు. మా ఇంటి తాళంచెవి వాడి దగ్గరే ఉంది. తిరిగి ఇవ్వబోయాడు, తీసుకోలేదు.