ఎసెండన్ ప్రెసిడెంట్ గారికి: తలుపు మీద ఆ 'రేపు రా' ఎప్పుడు చెరిపేస్తారు?

మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ ఆడే ఎసెండన్ క్లబ్ ప్రెసిడెంట్ గారికి నమస్కారాలు.

తెలుగులో రాస్తున్నానని ఏమీ అనుకోకండి. ఇంగ్లీషు తిట్లు మీకు రేడియోలో, పేపర్లలో రోజూ అందుతూనే ఉన్నాయి. అవి మీకు అలవాటైపోయాయని నా అనుమానం. దీన్ని చదివి చెప్పేవాళ్ల కోసం పెద్దగా వెతకక్కర్లేదు. మీ ట్రైనింగ్ గ్రౌండ్ టల్లమరీన్‌లో ఎయిర్‌పోర్టు దగ్గరే ఉంది కదా, అక్కడ నాలుగు టాక్సీలు ఆపితే ఒకదాంట్లో మావాడు దొరుకుతాడు. వాడూ ఎసెండన్ ఫ్యానే అయితే రెండు మాటలు సొంతంగా కలుపుతాడు. వాటికి నేను పూచీ కాదు.

నేను 2004 జులైలో చదువుకోవడానికి మెల్‌బోర్న్ వచ్చాను. రాత్రిళ్లు పెట్రోల్ బంకులో పని. నాతో షిఫ్టులో ఉండే పెద్దాయన, "ఈ ఊళ్లో టీం లేనివాడికి సోమవారం పొద్దున మాట్లాడ్డానికి ఏమీ ఉండదు" అని తన పాత స్కార్ఫ్ ఒకటి నా మెడలో వేశారు. ఎసెండన్ రంగులు, నలుపూ ఎరుపూ. నల్ల జెర్సీ మీద భుజం నుంచి నడుము దాకా జంధ్యంలా ఎర్ర పట్టీ. చూడగానే నవ్వొచ్చింది, చూడగా చూడగా నచ్చింది. సెప్టెంబర్ మొదటి వారంలో మెల్‌బోర్న్ క్లబ్ మీద ఎలిమినేషన్ ఫైనల్, అంటే సీజన్ చివర పట్టికలో పైనున్న టీంలు ఆడుకునే 'ఫైనల్స్'లో ఓడితే ఇంటికెళ్లే ఆట. అయిదు పాయింట్లతో గెలిచాం. ఆ కోడిగుడ్డు బంతి ఎటు దొర్లుతుందో, గోల్‌కి ఆరు పాయింట్లెందుకో నాకింకా సరిగ్గా తెలియదు. అయినా ఆ పెద్దాయనతో పాటు గంతులేశాను. ఫైనల్స్‌లో గెలవడం మన క్లబ్‌కి మామూలే అనుకున్నాను. ఎందుకనుకోను? అప్పటికే పదహారు ప్రీమియర్‌షిప్‌లు, అంటే పదహారు లీగ్ కప్పులు. నాలుగేళ్ల ముందు, 2000లో, సీజన్ మొత్తం మీద ఒక్కటంటే ఒక్క ఆట ఓడి కప్పు ఎత్తిన టీం అది.

అయ్యా, నేను చూసిన మొదటి ఫైనల్స్ గెలుపే చివరిదైంది.

ఏడు వేల రోజులు దాటిపోయాయి. పాస్‌పోర్ట్ రంగు మారింది, జుట్టు రంగు మారింది, అద్దె గది నుంచి టార్నీట్‌లో సొంతింటికి వచ్చాం, పిల్ల పుట్టి హైస్కూలుకి వచ్చింది. మారనిది ఇదొక్కటే. 2009 ఫైనల్స్‌లో అడిలైడ్ వెళ్లి 96 పాయింట్లతో ఓడాం. 2011లో కార్ల్‌టన్ చేతిలో 62తో. 2014లో నార్త్ మెల్‌బోర్న్ మీద సగం ఆట దాకా మనమే ముందుండి, ఆఖరికి 12తో. 2017లో సిడ్నీలో 65తో, 2019లో పెర్త్‌లో 55తో, 2021లో లాన్సెస్టన్‌లో బుల్‌డాగ్స్ చేతిలో 49తో. ఇవి ఎక్కడా చూసి రాయడం లేదండీ, నాకు నోటికొచ్చు. మా అమ్మాయికి ఎక్కాలు నేర్పడానికి తాతలు దిగొచ్చారు గానీ ఈ వరస మాత్రం అదే నేర్చేసుకుంది.

మధ్యలో 2013 ఉంది. ఆడితే ఓడేవాళ్లమో గెలిచేవాళ్లమో, ఆటగాళ్లకు సప్లిమెంట్ ఇంజెక్షన్లు ఇప్పించిన ఆ గొడవలో అసలు ఫైనల్స్ గుమ్మమే తొక్కనివ్వలేదు. ఏడో స్థానంలో ఉండి కూడా ఇంట్లో కూర్చున్నాం, పైగా ఇరవై లక్షల డాలర్ల జరిమానా. 2016లో అదే గొడవకి ఆటగాళ్ల మీద నిషేధం పడింది. అప్పటికప్పుడు ఎక్కడెక్కడి నుంచో పిలిచిన వాళ్లతో టీం నింపి, మూడు గెలుపులతో అట్టడుగున నిలిచి, ఆఖరి టీంకి దక్కే 'చెక్క గరిటె' పట్టుకున్నాం. ఆ ఏడాది నేను ఒక్క మాట అనలేదు. నేనే కాదు, ఎవరూ అనలేదు. కష్టంలో ఉన్న ఇంట్లో వంట బాగాలేదని ఎవరంటారు? ఆ మర్యాదని మీరు శాశ్వతం అనుకున్నట్టున్నారు.

షీడీ గారు 27 సీజన్లు కోచ్‌గా ఉండి 2007లో వెళ్లారు. తర్వాత నైట్స్, హర్డ్, థాంప్సన్, మళ్లీ హర్డ్, వార్స్‌ఫోల్డ్, రట్టెన్, 2023లో స్కాట్. వచ్చిన ప్రతివారూ ఒకటే మాట: ఇది కట్టుకునే దశ, ఓపిక పట్టండి. 2022లో అయితే ఒక సీఈఓ గారు వచ్చిన మర్నాడే రాజీనామా చేశారు. మా బంకులో ట్రయల్ షిఫ్టులే అంతకంటే ఎక్కువ రోజులు నడిచేవి.

మా ఊళ్లలో ఒకప్పుడు తలుపుల మీద 'రేపు రా' అని రాసేవారు. రాత్రి దయ్యం వస్తుంది, చదువుకుంటుంది, సరే రేపొద్దామని వెళ్లిపోతుంది. మర్నాడు వస్తే మళ్లీ అదే రాత. నా చిన్నప్పుడు ఆ దయ్యం ఎంత తెలివితక్కువదో అని నవ్వుకునేవాణ్ని. ఇప్పుడు నవ్వు రావడం లేదు. ఎనభై వేల మందికి పైగా సభ్యులం డబ్బు కట్టి మరీ మీ తలుపు ముందు నిలబడి 'వచ్చే సీజన్' అన్న రాత చదువుకుని తిరిగి వెళ్తున్నాం.

రాత చదివి వెళ్లిపోదామన్నా, మీరు ముందు తలుపు సగం తీసి చూపిస్తారు, అదీ బాధ. 2023లో ఆశ పెట్టి, చివరి రెండు వారాల్లో జీడబ్ల్యూఎస్ చేతిలో 126తో, కాలింగ్‌వుడ్ చేతిలో 70తో ఓడారు. 2024లో సీజన్ నడిమధ్యకి పట్టికలో పైన ఉన్నాం. మా అమ్మాయి ఫ్రిజ్ మీద పట్టిక అతికించింది. ఆఖరికి పదకొండు గెలుపులు, పదకొండు ఓటములు, ఆన్‌జాక్ డే (ఏప్రిల్ 25, సైనికుల స్మారక దినం) నాటి ఒక టై. పదకొండో స్థానం. ఇంత పొందికగా ఏమీ సాధించకుండా ఉండటానికి కూడా ప్రతిభ కావాలి.

ఇక 2025. మే నెలలో రిచ్‌మండ్ మీద గెలిచేసరికి ఆరు గెలుపులు, నాలుగు ఓటములు. ఆ రాత్రి తర్వాత ఒక్క ఆట గెలిస్తే ఒట్టు. పదమూడు ఆటలు, పదమూడు ఓటములు, పదిహేనో స్థానం. వరసగా ఓడటం కంటే నన్ను ఎక్కువ కుంగదీసింది ప్రతి గురువారం సాయంత్రం వచ్చే టీం లిస్టు. వంట మధ్యలో ఫోన్ చూసి మా ఆవిడ "ఈవారం ఎవరు?" అనేది. నేను చదివేవాణ్ని: ఫలానా అతను గాయం, ఫలానా అతను గాయం, ఇంకొకతను 'మేనేజ్‌డ్'. ఈ మాట దగ్గర కాస్త ఆగాలి. మీ భాషలో దానర్థం విశ్రాంతి ఇచ్చాం అని. మా తెలుగులో 'మేనేజ్ చేసేశాం' అంటే ఏదోలా గండం గట్టెక్కించాం అని. సీజన్ మొత్తానికి మా అర్థమే సరిపోయింది.

పది మందికి పైగా కుర్రాళ్లు ఒక్క సీజన్‌లో మొదటి ఆట ఆడారు. కుర్రాళ్లని ఆడించడం తప్పు కాదు. నేట్ కేడీ గాల్లోకి లేచి బంతి పట్టుకున్నప్పుడు, కాకో మూలలోంచి దూసుకొచ్చినప్పుడు, స్కోరు ఎంతున్నా నేను కుర్చీలోంచి లేస్తాను. కానీ ఎంచుకుని దింపడం వేరు, మిగిలినవాళ్లని దింపడం వేరు. పక్కన అనుభవం ఉన్నవాడుంటే కుర్రాడు నేర్చుకుంటాడు. చుట్టూ తనలాంటి వాళ్లే ఉంటే, ఎనభై పాయింట్ల వెనకబాటులో ఎవరి వెనక పరిగెత్తాలో కూడా తెలియక నిలబడతాడు. ఈత నేర్పడం అంటే నూతిలోకి తొయ్యడం కాదు కదండీ.

రక్ సంగతే చూడండి, అదే, పైకి లేచిన బంతి కోసం ఎగిరే పొడుగు మనిషి స్థానం. డ్రేపర్‌కి మడమ వెనకుండే అకిలీస్ నరం తెగింది, బ్రయన్‌కి మోకాలు పోయింది. మిగిలింది ఆ ఏడాదే 37 నిండిన గోల్డ్‌స్టీన్. సెంటర్ బౌన్స్ దగ్గర తనకంటే పదిహేనేళ్లు చిన్నవాళ్లతో ఆయన ఎగురుతుంటే నా మోకాళ్లు నొప్పి పుట్టేవి. 2022లో 53 గోల్స్ కొట్టిన పీటర్ రైట్‌ని కాసేపు ముందు వరసలో, కాసేపు రక్‌లో వాడితే రెండు చోట్లా సగం మనిషే దొరికాడు. సీజన్ అయ్యాక గోల్డ్‌స్టీన్ రిటైరయ్యారు, డ్రేపర్ బ్రిస్బేన్ వెళ్లిపోయాడు. ఆగస్టులో నిక్ మార్టిన్ మోకాలు కూడా పోయింది. గాయాలు ఎవరి చేతిలోనూ లేవు అంటారు, ఒప్పుకుంటాను, ఒక ఏడాదికి. ఇన్ని మోకాళ్లు, ఇన్ని తొడ కండరాలు ఒకే ఇంట్లో పోతే మా అమ్మ అయితే ముందు వాస్తు చూపించేది. మీరు కనీసం ఫిట్‌నెస్ విభాగాన్ని చూపించండి. ఏం తేలిందో మాకూ ఒక మాట చెప్పండి.

ఆఖరి ఆట గురించి ఇప్పటిదాకా ఎవరితోనూ మాట్లాడలేదు. మార్చిలో తుఫాను వల్ల ఆగిన గోల్డ్‌కోస్ట్ మ్యాచ్‌ని ఆగస్టు 27న, బుధవారం రాత్రి పెట్టారు. మా అన్నయ్య కొడుకు అక్కడే చదువుకుంటున్నాడు, వాడి టీం అదే. వాడికి టీం ఎంచుకోవాల్సిన రోజు వచ్చినప్పుడు "ఎసెండన్ పట్టుకోరా" అనడానికి నాకు నోరు రాలేదు, ఆ సంగతి మీరు గమనించాలి. ఆ రాత్రి మమ్మల్ని చితక్కొట్టి వాళ్లు చరిత్రలో మొదటిసారి ఫైనల్స్‌కి వెళ్లారు. సరిగ్గా పదో రోజున పెర్త్‌లో ఫ్రీమాంటిల్ మీద ఒక్క పాయింటుతో గెలిచారు కూడా. 2011లో లీగ్‌లోకి వచ్చిన క్లబ్బు, మొదటి ఫైనల్, మొదటి గెలుపు.

వాడు ఫోన్ చేశాడు. గొంతు బొంగురుపోయింది. "బాబాయ్, ఫైనల్స్ గెలవడమంటే ఇంత టెన్షన్ ఉంటుందా?"

"నాకేం గుర్తుందిరా" అన్నాను.

మిగతావాళ్ల చరిత్ర కూడా చూడండి. బుల్‌డాగ్స్ 1954 తర్వాత మళ్లీ 2016లో కప్పు కొట్టారు. రిచ్‌మండ్ 37 ఏళ్లు ఆగి 2017లో కొట్టింది. నా మొదటి సెప్టెంబర్‌లో మన చేతిలో ఓడి ఇంటికెళ్లిన మెల్‌బోర్న్, 57 ఏళ్ల కరువు తీర్చుకుని 2021లో ప్రీమియర్‌షిప్ పట్టుకుపోయింది. మన దగ్గర పెరిగిన జో డేనిహర్ 2020లో బ్రిస్బేన్ వెళ్లి, 2024లో మెడల్ వేసుకుని రిటైరయ్యాడు. అతని మీద నాకు కోపం లేదు. కోపం తెచ్చుకుందామని ప్రయత్నించాను, రాలేదు.

ఇక మన 2025 కెప్టెన్ మెరెట్. రెండొందలకు పైగా ఆటలు, క్లబ్ బెస్ట్ ప్లేయర్ మెడల్ ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టడం మానేశాం, ఒక్క ఫైనల్ గెలుపు లేదు. అతను హాథార్న్‌కి వెళ్తానన్నాడు, మీరు పంపనన్నారు. కాంట్రాక్ట్ ఉంది కాబట్టి మీ మాటే చెల్లింది, సరే. కానీ అతను అడిగింది డబ్బు కాదు, సెప్టెంబర్. మేమూ అదే అడుగుతున్నాం. తేడా ఏమిటంటే మాకు వెళ్లిపోతామని అడిగే చోటు కూడా లేదు.

మీరూ ఒకప్పుడు ఆ ఎర్ర పట్టీ వేసుకుని ఆడినవారే. అందుకే మీకు రాస్తున్నాను, లేకపోతే రాసేవాణ్ని కాదు. కప్పు అడగడం లేదు. కుర్రాళ్ల పక్కన పెద్దవాళ్లని నిలబెట్టండి. రక్‌కి ఇద్దరు మనుషుల్ని చూడండి. గురువారం లిస్టులో నిజం రాయండి. 'కట్టుకునే దశ' అన్న మాట ఇంకోసారి వాడకండి, ఈ ఇరవై ఒక్క ఏళ్లలో మా వీధిలో గడ్డి మైదానం పోయి ఊరే కట్టేశారు. ఒక్క ఫైనల్ గెలవండి, చాలు. అయిదు పాయింట్లతో గెలిచినా పర్లేదు, ఒక్క పాయింటైనా పర్లేదు.

నాకు స్కార్ఫ్ ఇచ్చిన పెద్దాయన ఇప్పుడు లేరు. స్కార్ఫ్ ఉంది, అంచులు పోగులు లేచాయి. మొన్న మా అమ్మాయి అది మెడకి చుట్టుకుని, "నాన్నా, మెంబర్‌షిప్ ఈసారి కూడా కడుతున్నామా?" అని అడిగింది. ఆటో రెన్యూవల్ ఆపేద్దామని రెండుసార్లు ఆ పేజీ తెరిచాను. రెండుసార్లూ పాలు పొంగుతున్నాయని ఎవరో పిలిచారు, వెళ్లిపోయాను.

మార్చిలో కలుద్దాం.

ఇట్లు,
ముగ్గురి మెంబర్‌షిప్ కడుతున్న ఒక తండ్రి,
టార్నీట్