కీబోర్డుతో సరిపెట్టకండి

సంపాదకులకు,

నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలో వయొలిన్–పియానో కచేరీ పెట్టాలనుకునేవారికి ఒక విన్నపం. 61 మీటల కీబోర్డు అద్దెకు తెచ్చి సరిపెట్టకండి. ఇలాంటి కచేరీలో పియానో పక్కవాద్యం కాదు. జర్మన్ స్వరకర్త బ్రామ్స్ ఈ రెండు వాద్యాలకు రాసిన తన మూడు సొనాటాలనూ (అనేక భాగాలున్న వాద్య రచనలు) ‘పియానో, వయొలిన్‌ల కోసం’ అనే ప్రచురించారు, పియానో పేరే ముందు. 1886లో స్వరకర్త సీజర్ ఫ్రాంక్ రాసిన వయొలిన్–పియానో సొనాటా రెండో భాగంలో పియానిస్టుకు ఊపిరి సలపదు. అక్కడ ఆ కీబోర్డుకు మంద్రంలో మీటలే చాలవు. 88 మీటలు, వేలికి బరువు తెలిసేవి, సగం నొక్కినా పలికే పెడల్ ఉండాల్సిందే.

అసలు పియానో దొరికితే మరీ మంచిది. అయితే లారీ ఎక్కిన పియానోకు శ్రుతి నిలవదు. ఒకటి రెండు రోజుల ముందే హాల్లో దించి, కచేరీ నాడు ఏసీ, స్టేజి లైట్లు వేసి ఉంచి మళ్లీ శ్రుతి చేయించాలి. మన వేసవి పొడిగాలికి లోపల నాదాన్ని పెంచే చెక్క పలక (సౌండ్‌బోర్డు) కుంచించుకుపోయి శ్రుతి దిగుతుంది. వయొలిన్ పియానో శ్రుతినే అనుసరించాలి కాబట్టి ఆ శ్రుతి ప్రామాణికమైన 440 హెర్ట్జ్ నుంచి బాగా జారితే వయొలిన్ తీగలూ వదులై నాదం పలచబడుతుంది.

చిన్న హాలుకు మైకులు వద్దు. ఫ్యాన్లు ఆపండి, కాగితాలు ఎగురుతాయి. పేజీలు తిప్పడానికి స్టాఫ్ నొటేషన్ (పాశ్చాత్య సంగీత స్వరలిపి) చదవగలిగిన మనిషినే పియానిస్టుకు ఎడమవైపు కూర్చోబెట్టండి.

– ఒక సంగీత అధ్యాపకుడు, నల్లగొండ